సాక్షిని మామా అన్నాను

మా సీనియరుగారి ఆఫీసు గోడమీద నల్లకోట్లతో ఆయన తాత, తండ్రి పటాల్లో ఉండేవారు. మా వంశంలో అంతకుముందు కోర్టు మెట్లెక్కినవాళ్ళంతా ముద్దాయిలుగానో సాక్షులుగానో ఎక్కినవాళ్ళే. కర్నూలులో ఆ పటాల కింద జూనియరుగా కూర్చున్నన్నాళ్ళూ, ఎవరో ఒకరు వచ్చి లేచి పొమ్మంటారనే బెదురు నాకు పోలేదు.

యాభైలలో ఒక ఏడు, ఉగాదికి ముందర, మూడోనాటి నీళ్ళవంతు ఎవరిదని మా ఊరివాళ్ళ మధ్య వచ్చిన బావి తగాదా నా ద్వారా ఆ ఆఫీసుకు వచ్చింది. నేను తెచ్చిన మొదటి కేసు. అవతలి పక్షం సాక్షిని నన్నే ప్రశ్నించమన్నారు సీనియరుగారు.

"ఇది చెడగొట్టావంటే ఊరికి పోయి సేద్యం చేసుకో" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బోనెక్కింది మా వీధి ముసలాయన. చుట్టం కాదు, వరసకు మామ. చిన్నప్పుడు నన్ను, బావినీళ్ళు తోడే కపిల మోకుమీద తన ముందు కూర్చోబెట్టుకుని ఎద్దుల్ని తోలిన మనిషి. లేచి నిలబడ్డాను. వల్లెవేసుకున్న ప్రశ్నకన్నా ముందు అలవాటైన మాట బయటికొచ్చింది.

"మామా, మూడోనాడు ఆ బావిలో కపిల తోలేది ఎవరు?"

"ఇంకెవరు అల్లుడా, నీతో వచ్చినోళ్ళే గదా!"

మాకు కావలసిన జవాబు అదే. కానీ అవతలి వకీలు ఎగిరి లేచాడు. ఇద్దరూ బంధువులనీ, ముందే కూడబలుక్కుని వచ్చారనీ, ఆ జవాబు చెల్లదనీ అరిచాడు. సీనియరుగారు నావైపు చూడనైనా లేదు. కేసూ పోయింది, కోటూ పోయింది అనుకున్నాను.

మున్సిఫ్ గారు కలం ఆపి ముసలాయన్ని అడిగారు. "ఈ వకీలు నీకేమవుతాడు?"

మామ నన్ను చూశాడు. కారుతున్న నా చెమటను చూశాడు.

"ఏమీ కాడు సామీ. ఊర్లో అందరం అట్లనే పిల్సుకుంటాం. ఆయనెవరో, నేనెవరో."

జవాబు నిలిచింది. "గట్టెక్కావు. ఇంకెప్పుడూ సాక్షితో వరసలు కలపకు" అన్నారు సీనియరుగారు.

కేసు గెలిచాం. పొంగిపోతూ ఊరికి వెళ్ళాను. బస్సు దిగి నడుస్తుంటే మామ ఎదురయ్యాడు.

"మామా, బాగుండావా?"

ఆయన భుజంమీది తువ్వాలు తీసి చేతబట్టుకున్నాడు.

"బాగుండా. మీరు బాగుండారా వకీలయ్యా?"

"అదేంది మామా?"

"ఎవురన్నా ఇంటే మల్లా మీ కోటుకు మాటొస్తాది" అన్నాడు, గొంతు తగ్గించి.

చుట్టూ చూశాను. కనుచూపుమేర ఎవరూ లేరు. నాకు శానా ఏడుపొచ్చింది. ఆయన బతికున్నన్నాళ్ళూ మళ్ళీ నన్ను అల్లుడా అనలేదు.