మంచులో గుచ్చిన కొమ్మల కూడలి

సైమీ తోర్హోనెన్ మా కల్లావిర్త నగర సాంకేతిక కార్యాలయంలో ముప్పై తొమ్మిదేళ్లు గీతలు గీసింది. చేరినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. ఇంజినీర్లు పెన్సిలుతో వేసిన నక్షాల మీద పల్చటి కాగితం పరిచి, సిరాతో శుభ్రంగా ఎత్తి గీయడం ఆమె పని. మురుగు గొట్టాలు, బడి ప్రహరీలు, శ్మశానంలో కొత్త వరసలు, ఊళ్లో నేల మీదా కిందా ఉన్నదంతా ఒక్కసారైనా ఆమె చేతి మీదుగా పోయింది. నేను అక్కడే సర్వేయరుని. కొలతలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేవాణ్ణి.

"ఆర్వో, ఈ గోడ ఇక్కడెందుకు వంకర తిరిగింది?" అనేది.

"నాకేం తెలుసు."

"దాని పక్కనే నిలబడి కొలిచొచ్చావు. అడగలేదా?"

మధ్యాహ్నం భోజనం మానేసి సైకిలు మీద తనే వెళ్లి అడిగొచ్చేది. గోడ కట్టిన రోజుల్లో అక్కడొక ఆపిల్ చెట్టు ఉండేదట. కొట్టడానికి ఇంటావిడ ఒప్పుకోక గోడనే తిప్పారట. ఆ సంగతి నక్షాకు అక్కర్లేదు. సైమీకి కావాలి.

1989లో రైల్వే స్టేషను దగ్గరి కూడలిని బాగుచేయాలని తీర్మానమైంది. హైవే నుంచి వచ్చే రోడ్డు, రంపపు మిల్లు రోడ్డు, ఊళ్లోకి పోయే రోడ్డు, ఆసుపత్రి గుట్ట ఎక్కే రోడ్డు, నాలుగూ అక్కడ అడ్డదిడ్డంగా కలుస్తాయి. పొద్దున ఎనిమిదింటికి అక్కడ చిక్కుకున్నవాడు ఆఫీసుకి ఆలస్యంగా వచ్చినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఖర్చులో సగం ప్రభుత్వం పెట్టుకుంటుంది. మిగతా సగానికి నగరసభ మార్చి ఆఖరులోపు ఒప్పుకోవాలి. నగర ఇంజినీరు రైమో సిగ్నల్ దీపాలతో నక్షా వేసి, ఎత్తి గీయమని సైమీకిచ్చాడు.

ఆమె రెండు రోజులు గీసి కలం పక్కన పెట్టింది.

"రైమో, నువ్వు ఎక్కువమంది నేరుగా పోతారనుకుని వేశావు కదా. ఆ లెక్క ఎప్పటిది?"

"ఉన్నదే. పదేళ్ల కిందటిది."

"అప్పటికి ఆసుపత్రి లేదుగా."

రైమో చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "కావాలంటే నువ్వు లెక్కపెట్టుకో. నాకు మనుషుల్లేరు," అన్నాడు.

సైమీ నిజంగానే సెలవు పెట్టింది. వారం రోజులు స్టేషను మెట్ల మీద మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ, సంచిలో యాలకుల బన్నులు పెట్టుకుని, ఒళ్లో పుస్తకంలో గీతలు పెట్టింది. ఆగిన కార్ల అద్దం తట్టి ఎక్కడికి పోతున్నారని అడిగేది. చాలామంది చెప్పారు. ఒకాయన మాత్రం తన భార్యకు ఈ సంగతి చేరదని మాటిస్తేనే చెప్తానన్నాడట. అదేమిటో సైమీ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

పొద్దుటిపూట హైవే నుంచి వచ్చే వందలో అరవై బళ్లు ఎడమకు, ఆసుపత్రి వైపు తిరుగుతున్నాయని తేలింది. మా దేశంలో బళ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కనక, ఎడమకు తిరగాల్సినవాడు ఎదురుగా వచ్చేవాళ్లంతా పోయేదాకా ఆగాలి. వాడి వెనక ఊరంతా ఆగుతుంది. దీపాలు పెడితే ఆ ఆగడానికే రంగులు వేసినట్టవుతుందని సైమీ వాదన. స్వీడన్‌లో చెల్లెలి ఊళ్లో ఆమె గుండ్రటి కూడలి చూసింది. మధ్యలో దిబ్బ, చుట్టూ ఒకే దిక్కుకు తిరిగే బళ్లు, ఎవరూ పూర్తిగా ఆగరు. అలాంటిదే మా కూడలికి గీసింది. మా చుట్టుపక్కల అప్పటికి ఒక్కటీ లేదు.

"బాగుంది. కానీ మిల్లుకు పోయే దుంగల లారీ ఇరవై రెండు మీటర్లు. ఇందులో ఎలా తిరుగుతుంది?" అన్నాడు రైమో.

"తెలియదు. తిప్పి చూద్దాం."

ఫిబ్రవరిలో ఒక శనివారం, గుర్రప్పందేల మైదానంలో మోకాలి లోతు మంచును ట్రాక్టరుతో అణగదొక్కించాం. నడిమధ్యలో మేకు కొట్టి, తాడు పట్టుకుని, కూడలిని ఉన్న కొలతలకు ఉన్నట్టే గీశాం. గీత పొడుగునా స్ప్రూస్ చెట్ల కొమ్మలు గుచ్చాం. సంగతి ఎలా పాకిందో, చూడ్డానికి యాభై మంది దాకా వచ్చారు. మిల్లుకు ముప్పై ఏళ్లుగా దుంగలు తోలే వోయిత్తో ఖాళీ లారీ తెచ్చాడు.

అతను అద్దం దించి, "సైమీ, ఈ తోట నీదేనా? తొక్కితే ఏడవవు కదా?" అన్నాడు.

"తొక్కు. ఎక్కడ తొక్కుతావో చూడ్డానికేగా పిలిచింది."

లారీ ముందు భాగం చక్కగా తిరిగింది. వెనక తగిలించిన బండి మాత్రం మధ్య దిబ్బ చుట్టూ గుచ్చిన కొమ్మల్ని పదకొండింటిని పడుకోబెట్టింది. జనం నవ్వారు.

"చూశావుగా. ఇక దీపాలే," అన్నాడు రైమో.

సైమీ అప్పటికే చక్రాల జాడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. "ఆర్వో, టేపు తే. వోయిత్తో, మళ్లీ తిరుగు."

ఐదుసార్లు తిప్పించింది. ఐదుసార్లూ చక్రాలు దాదాపు ఒకే చోట, దిబ్బలోకి మీటరూ తొంభై సెంటీమీటర్ల దాకా వచ్చాయి.

"ప్రతిసారీ అక్కడే తొక్కుతున్నావెందుకు?"

"నేనెక్కడ తొక్కుతున్నాను, అదే తొక్కుతోంది. ముందు చక్రం పోయిన దారిన వెనకది రాదు. లోపలికి కోసుకుంటూ వస్తుంది. ముప్పై ఏళ్లుగా నా వెనకాల జరిగేది అదే."

"అయితే ఆ మేరకు మట్టి తీసేసి రాళ్లు పరిస్తే? రోడ్డు కన్నా కాస్త ఎత్తుగా." రెండు వేళ్లు ఎడం చేసి చూపించింది.

వోయిత్తో కిందికి దిగి, ఆ వేళ్ల మధ్య ఎడం చాలాసేపు చూశాడు. "అంతైతే ఎక్కి దిగుతుంది. నా కాఫీ కూడా ఒలకదు."

"మరి కార్లవాళ్లు?"

"వాళ్లకి కుదుపు గిట్టదు. చుట్టూ తిరుగుతారు."

సోమవారం రైమో పాత నక్షా తనే చుట్టి బీరువాలో పెట్టి, కొత్తది ఎన్నాళ్లలో అవుతుందని అడిగాడు.

నగరసభ మార్చిలో కూర్చుంది. దీపాలకైతే ఊరి వాటాగా నాలుగున్నర లక్షల మార్కుల డబ్బు తీసిపెట్టారు. గుండ్రటి కూడలికి ఆరు లక్షలు కావాలి. అందులో ఎక్కువ భాగం దిబ్బ అంచున పరిచే గ్రానైటు రాళ్లకే. ఐరా అనే సభ్యురాలు, చేపల కొట్టు ఆవిడ, సూటిగా అడిగింది.

"రాళ్ల కోసం బడి పైకప్పు మరమ్మతు ఆపమంటారా?"

రైమో కాగితాలు తిప్పాడు. నక్షాలు మోసుకొచ్చి గోడవారగా కూర్చున్న సైమీ లేచి నిలబడింది. అక్కడ ఆమె మాట్లాడకూడదు. అధ్యక్షుడు ఆపేలోపే మాట్లాడేసింది.

"రాళ్లు కొనక్కర్లేదు. సంత మైదానానికి తారు వేసినప్పుడు పీకిన పాత గ్రానైటు రాళ్లు మన సామాన్ల డిపో వెనక గుట్టగా పడున్నాయి. ఆ గుట్టను నక్షాలో గీసింది నేనే."

"సరిపోతాయని ఎలా తెలుసు?" అంది ఐరా.

"నక్షాలో దాని చుట్టుకొలత ఉంది, ఎత్తు లేదు. అందుకని నిన్న ఆర్వోతో వెళ్లి మంచు తవ్వి చూశాను. సరిపోగా మిగుల్తాయి."

ఐరా, "మా నాన్న ఆ రాళ్ల మీదే చేపలు అమ్మేవాడు," అంది. చెయ్యెత్తింది. పదిహేడు మంది ఎత్తారు. పది మంది ఎత్తలేదు.

మరుసటి ఏడు సెప్టెంబరుకు కూడలి తయారైంది. మొదటి ఆదివారం జనం పిల్లల్ని ఎక్కించుకుని ఊరికే మూడేసి చుట్లు తిరిగారు. ఒక ముసలాయన ఎదురు దిక్కున తిరిగి, అందరూ హారన్లు కొడుతుంటే పలకరింపు అనుకుని చెయ్యూపాడు. వోయిత్తో మొదటి లోడుతో వచ్చి రాళ్ల అంచు ఎక్కి దిగాడు. కాఫీ ఒలికిందో లేదో మాత్రం అడిగినా చెప్పలేదు.

నక్షా మూలన "రూపొందించినది" అన్న గడిలో రైమో ఆమె పేరు రాయించాడు. ఆ గడిలో ఆమె పేరు పడటం అదే మొదలు, అదే ఆఖరు. తర్వాతి ఏడు దేశమంతా పనులు ఆగిపోయాయి, ఆమెకు సగం జీతానికి సగం పూట పని మిగిలింది. బాధగా ఉందా అని అడిగాను. జీతం సంగతికి ఉందంది. చేతికి మిగిలిన పూట సంగతికి లేదంది.

పదవీ విరమణకు కొద్ది నెలల ముందు ఒక మధ్యాహ్నం ఆమె స్టేషను మెట్ల మీద పుస్తకంతో కనిపించింది. ఇంకేం లెక్క అని పక్కన కూర్చున్నాను.

"మిల్లు వైపు నుంచి వచ్చేవాళ్లు కూడలి ఇంకా రెండిళ్ల దూరం ఉండగానే బ్రేకు వేస్తున్నారు. మిగతా మూడు వైపుల వాళ్లు వేయడం లేదు. నాలుగు రోజులుగా చూస్తున్నాను."

"ఎందుకంటావు?"

"తెలియదు," అంది సైమీ. కొంచెం జరిగి, నాకు కూడా కనిపించేలా చోటిచ్చింది.