నేను రాయని డిస్క్

దయ్యాల కబుర్లు వింటే నాకు నవ్వొస్తుంది. పదకొండేళ్లు కంప్యూటర్ ల్యాబులో పనిచేసిన మనిషిని. మెషీన్ మొరాయిస్తే ఏ వైరు ఊడిందో చూస్తాం గానీ దిష్టి తీయం కదా. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో నేను అసిస్టెంటుగా ఉండేదాన్ని. నా పైన మూర్తి గారు. ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని, మర్యాదకి కాదు, నిజంగా అలాగే అనుకుని. మా పాత కంప్యూటర్లు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావు. అందుకని ఉచితంగా దొరికే ఒక యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని మా ల్యాబుకి తగ్గట్టు మార్చి, పెట్టగానే దానంతటదే ఇన్‌స్టాల్ అయ్యేలా డీవీడీలు మేమే తయారుచేసుకునేవాళ్లం. రెండు వేసవి సెలవులు దానికే పోయాయి. ఇన్‌స్టాల్ పూర్తయ్యాక తెర మీద ఒక లైను వచ్చేది: తయారుచేసినవారు మూర్తి, సునీత. అది చూసినప్పుడల్లా నాకు ఎంత గర్వంగా ఉండేదో.

డిస్క్ సరిగ్గా రాశామో లేదో తేల్చడానికి చెక్‌సమ్ అని అరవై నాలుగు అక్షరాల వరస ఒకటి ఉంటుంది. డిస్క్‌లో ఒక్క అక్షరం మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. కమాండ్ ఇస్తే మెషీనే పోల్చి చెబుతుంది. అన్నయ్యగారు ఒప్పుకోరు. ఆయన వ్రతకథలా ఒక్కో అక్షరం పైకి చదవాలి, నేను తెర మీద వేలు పెట్టి ఊ కొట్టాలి. తర్వాత ఆ వరసని నోటుబుక్కులో రాసి ఇద్దరం సంతకం పెట్టాలి. స్టూడెంట్లు మమ్మల్ని చూసి ముసిముసిగా నవ్వుకునేవారు.

ఒకసారి మా పెదనాన్న కూతురి పెళ్లికి రామచంద్రపురం వెళ్లి నాలుగు రోజులున్నాను. కాలేజీ తనిఖీకి బయటివాళ్లు వస్తున్నారని ఆ నాలుగు రోజుల్లో అన్నయ్యగారు కొత్త డిస్క్ ఒక్కరే రాశారు. నేను తనిఖీ రోజు పొద్దున్న నేరుగా ల్యాబుకే వచ్చాను.

ఇదంతా మా మూర్తి గారు ఒక్కరే చేశారని మా డిపార్ట్‌మెంట్ పెద్ద హెచ్.ఓ.డి. గారు వచ్చినవాళ్లకి చెబుతున్నారు. పొరపాటున అన్నారనుకున్నాను. అన్నయ్యగారు సరిదిద్దుతారని ఆయన మొహం వంకే చూస్తూ నిలబడ్డాను. ఆయన సరిదిద్దలేదు.

అంతలో ఇన్‌స్టాల్ పూర్తయింది. పన్నెండు కంప్యూటర్లలోనూ ఒకటే లైను: తయారుచేసినవారు సునీత. ఆయన పేరు లేదు.

తనిఖీవాళ్లు వెళ్లగానే అన్నయ్యగారితో పాటు నన్నూ గదిలోకి పిలిచారు. కాలేజీ పరువు తీశానని హెచ్.ఓ.డి. గారు కేకలేశారు. ఆ డిస్క్ నేను కళ్లతో కూడా చూడలేదని చెప్పి, వాళ్ల ముందే దాన్ని తెరిచాను. ఆ లైను ఉండే ఫైల్లో మూర్తి గారి పేరొక్కటే ఉంది. నా పేరు తీసేశారని నాకు అప్పుడు తెలిసింది. 

డిస్క్ అంతా వెతికాను. నా పేరు ఎక్కడా లేదు. చెక్‌సమ్ తీసి నోటుబుక్కుతో పోల్చాను. ఒక్క అక్షరం కూడా తేడా లేదు. కింద ఆయన సంతకం ఒక్కటే ఉంది. అక్కడే మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. తెర మీద నా పేరే వచ్చింది.

హెచ్.ఓ.డి. గారికి ఇవేవీ అర్థం కావు. నేను అన్నయ్యగారి వైపు తిరిగాను.

“ఒకసారి రాసిన డిస్క్‌ని ఎవరూ మార్చలేరని సార్‌కి చెప్పండి అన్నయ్యగారూ.”

ఆయన నా వైపు చూడలేదు. “సునీత తెలివైందండి. తల్చుకుంటే ఏదైనా చెయ్యగలదు,” అన్నారు.

ఆయన నోట నన్ను పొగడగా వినడం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా నన్ను లైబ్రరీకి మార్చారు. ఇప్పుడు పుస్తకాలకి నంబర్లు అతికిస్తున్నాను. ఆ డిస్క్ పారేయమన్నారు, పారేయలేదు. ఇంట్లో పాత కంప్యూటర్లో ఎన్నిసార్లు పెట్టి చూశానో లెక్కలేదు. ఫైల్లో ఆయన పేరు, తెర మీద నా పేరు. నాకంటే తెలిసినవాళ్లకి చూపించాను, వాళ్లూ చెప్పలేకపోయారు.

ఆ పేరు ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. దాని గురించి భయం కూడా లేదు. అందులో నా చెయ్యి పడలేదని నాకు కాక ఈ భూమ్మీద ఇంకొక్క మనిషికే తెలుసు. నేనే చేశానని చెప్పింది ఆయనే.