పీర్లకు దించిన తీగ

మొన్న మా కోడలు, మేడమీద గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకోవడానికి నెట్టు అందడం లేదని రెండు తెల్లటి డబ్బాలు తెప్పించింది. ఒకటి కింద హాల్లో ప్లగ్గులో గుచ్చి, ఇంకొకటి పైన గుచ్చి, అంతే మామా, గోడలో ఉన్న కరెంటు తీగలోనే నెట్టు కూడా పోతుంది, ఇంక మెట్లమీద వైరు ఈడ్చే పనే లేదు అని చేతులు దులుపుకుంది. నలభై ఏళ్ళు రేడియోలూ టేపురికార్డర్లూ విప్పిన చేతులు నావి. నిచ్చెన వేసి, మేకులు కొట్టి, గోడ వెంబడి లాగుదామని నేను పొద్దున్నే సిద్ధం చేసి పెట్టుకున్న వైరు చుట్ట మూలన అలాగే పడి ఉంది. పిల్ల తెలివికి మెచ్చుకోవాలి కదా, మెచ్చుకోకపోగా, ఎందుకొచ్చిన డబ్బాలివి అని కసిరేసి లేచి వచ్చేశాను. పాపం, చిన్నబుచ్చుకుంది. నాకు తీగల మీద ఉన్న కోపం ఆ పిల్లకెలా తెలుస్తుంది? ఒకరింటి రేడియోకు తీగ తగిలించి పక్కింట్లో కుండలో పెట్టిన స్పీకరుతో పాటలు విన్న నా ఈడు వాళ్ళు మీరు, మీకైతే చెప్పుకోవచ్చు.

డెబ్బైల నాటి మాట. ఆదోనిలో మా వీధి ఎంత ఇరుకంటే, ఎద్దుల బండి వచ్చిందంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు పైకి లాక్కోవలసిందే. మేము దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట తెలుగే. వీధికి ఇటువైపు ఇల్లు, అటువైపు నాయన పరుపుల అంగడి. దూది ఏకే మిషను తిరుగుతోందంటే పక్కన పిడుగు పడినా వినిపించదు. నాయన కనుబొమల మీదా గడ్డం మీదా దూది పేరుకుని, నలభై అయిదేళ్ళ మనిషి కూడా ముసలివాడిలా ఉండేవాడని మా మేనత్త నవ్వేది. నేను ఎమ్మిగనూరులో మా మేనమామ రేడియో అంగట్లో రెండేళ్ళు పని నేర్చుకుని వచ్చి, నాయన అంగట్లోనే ఒక మూల బల్ల వేసుకుని, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, కౌతాళం నుంచి కూడా వచ్చే రేడియోలు బాగుచేసేవాణ్ణి. ఇరవై ఏళ్ళు నిండాయో లేదో, అన్నీ నాకే తెలుసునన్న మిడిసిపాటు మాత్రం నిండుగా ఉండేది.

ఆ రోజుల్లోనే అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు మొత్తం పడిపోయింది, మాట కూడా ముద్దగా వచ్చేది, అదీ దగ్గర కూర్చుంటేనే వినిపించేది. లోపలి గదిలో, నాయన తన చేత్తో కుట్టిన మెత్తటి పరుపు మీద పడుకుని ఉండేది. పొద్దున రెండు గంటలు, సాయంకాలం రెండు గంటలు మేనత్త వచ్చి చూసుకునేది, మిగతా పొద్దంతా నాయనే. అరగంటకొకసారి మిషను ఆపి, వీధి దాటి, లోపలికి వెళ్ళి ఆమె ముఖం చూసి, కాసిన్ని నీళ్ళు తాగించి, మళ్ళీ వచ్చి మిషను తిప్పుకునేవాడు. బేరానికి వచ్చినవాళ్ళు, ఏమప్పా, పెండ్లాం మీద అంత పావురమా అని ఎగతాళి చేసినా ఆయన లెక్కపెట్టేవాడు కాదు.

ఆ తిరుగుడు చూడలేక నేనొక ఏర్పాటు చేశాను. అమ్మ ఎడమచేతికి అందేలా ఒక గంట స్విచ్చి, దాని నుంచి రెండు గదులు దాటి, వాకిలి మీదుగా, వీధికి అడ్డంగా అంగడి దాకా ఒక తీగ, నాయన మిషనుకు ఎదురుగా ఒక టార్చిలైటు బల్బు, దానికి నాలుగు సెల్లులు. అమ్మ నొక్కితే బల్బు వెలుగుతుంది. మిషను ఎంత మోత పెట్టినా కళ్ళకు అడ్డం లేదు కదా. మొదటిసారి వెలిగినప్పుడు నాయన గబగబా పరుగెత్తి వెళ్ళాడు. వెళ్ళి చూస్తే ఆమెకు ఏమీ అక్కర్లేదు, ఊరికే నొక్కి చూసి, వంకర పోయిన నోటితోనే నవ్వుతోంది. నా కొడుకు ఇంజనీరప్పా అని నాయన వీధంతా చెప్పుకున్నాడు. బల్బు వచ్చిన తర్వాత ఆయన అరగంటకొకసారి లేవడం మానేశాడు. వెలగలేదంటే ఆమె బాగుందనే కదా! నేనే చెప్పాను ఆయనకు ఆ మాట, పెద్ద తెలిసినవాడిలా.

ఆ యేడు పీర్ల పండుగ చివరి రోజు. మా వైపు పీర్ల పండుగంటే తురకలదీ హిందువులదీ అని తేడా లేదు, బిందెలతో నీళ్ళు తెచ్చి పీర్లకు వారపోసేవాళ్ళలో సగం మంది రెడ్లూ బోయలూ కురువలే. జరీ గుడ్డలు కట్టిన పీరు నిలువెత్తు గడ మీద వస్తుంది, దారిలో ఏదో అడ్డం వచ్చిందని దాని తల వంచకూడదు, వంచితే ఆ వీధికి మంచిది కాదు. అందుకని పీర్లు వచ్చే ముందు ఎవరికి వారే బట్టలు ఆరేసే తాళ్ళూ, తోరణాలూ, రేడియో ఏరియల్ తీగలూ విప్పేస్తారు, పీర్లు దాటిపోగానే మళ్ళీ కట్టుకుంటారు. నేనూ మా వాకిలి దగ్గర అతుకు విప్పి, తీగను గోడవారకు జారవిడిచాను. మధ్యాహ్నం నమాజు దాటిన కాసేపటికి పీర్లు వచ్చాయి. ఊదు పొగ, డప్పులు, చక్కెర పంచేవాళ్ళు, తొక్కిడి. నాయన అమ్మను ముందు గదిలోకి మోసుకొచ్చి, తలను చేతుల్లో ఎత్తి పట్టుకుని కిటికీలోంచి చూపించాడు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. తర్వాత ఆమెను మళ్ళీ లోపలి గదిలో పడుకోబెట్టి, ఒక పరుపు సాయంకాలానికి ఇచ్చేయాలని అంగడికి పోయాడు.

నేను నిచ్చెన ఎక్కి తీగను మళ్ళీ మేకుకు తగిలించాను. తగిలించాను, అంతే. కొనలు చాకుతో గీకి, రెండూ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టాలి. టేపు అంగట్లో ఉంది. ఈలోగా స్నేహితులు, ఇంకా ఈడనే ఉండావేంటిరా, పీర్లు వంకకాడికి పోతాండాయి, రా అని కేక వేశారు. పది నిమిషాల్లో వచ్చి చుట్టొచ్చులే అనుకున్నాను. పది నిమిషాలు! గుంపులో పడి వంక దాకా పోయి, పీర్లను కడిగి గుడ్డలు విప్పేదాకా చూసి, షర్బతు తాగి, తిరిగి వచ్చేసరికి పొద్దు గుంకి మగ్రిబ్ నమాజు వేళయింది. కింద నిలబడి చూస్తే ఆ తీగ ఎప్పటిలాగే వీధికి అడ్డంగా చక్కగా వేలాడుతూ ఉంది, అతుకు లేదని ఎవరికి తెలుస్తుంది? నాయన మధ్యాహ్నమంతా బల్బు వైపు చూస్తూనే దూది ఏకాడు. ఈ పొద్దు మీ యమ్మ బాగా నిద్రపోయినాది, పీర్లను చూసినాది కదా, మనసు సల్లబడినాది అని నాతో సంతోషంగా అన్నాడు కూడా.

అప్పుడే లోపలికి వెళ్ళిన మేనత్త కేక వేసింది. అమ్మకు రెండోసారి వచ్చింది. నోటి పక్కన నురగ, పరుపంతా తడి, ఎడమచేతి బొటనవేలు స్విచ్చి మీద బిగుసుకుపోయి ఉంది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ఒక గంట ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాళ్ళమేమో అన్నాడు డాక్టరు, మెల్లగానే అన్నాడు. తెల్లవారకముందే పోయింది.

మట్టి అయిన మరునాడు నాయన అంగడి మెట్టు మీద కూర్చుని నన్ను పిలిచాడు. నొక్కినాదిరా ఆమె, ఏలు దాని మీదనే ఉండె, మరి ఎందుకు ఎలగలేదప్పా, బల్బు మాడిపోయినాదేమో అని అడిగాడు. ఆయన అడగక ముందే, ఇంటినిండా జనం ఉండగానే, ఎవరూ చూడకుండా నేను ఆ తీగ అతికేశాను. అంతటితో ఊరుకోలేదు. ఆ బల్బు విప్పి, మంచి బల్బే అది, తీసుకుపోయి వీధి చివర మురికి కాలవలో పడేశాను. అవును నాయనా, మాడిపోయినాది, పడేసినా అన్నాను. ఆయన, రెండోది ఒకటి తెచ్చి పెట్టుకోవాలని నాకు తోసలేదు చూడు, నాదే తప్పు అన్నాడు. ఛీ, అప్పుడైనా నా నోరు పెగలాలి కదా! పెగలలేదు.

అక్కడి నుంచి ఆయనకు అదొక పట్టు అయిపోయింది. ఎవరింట్లో రోగి ఉన్నా, టార్చిలైటుకు రెండో బల్బు పెట్టుకోండప్పా, నా మాదిరి చేసుకోవద్దండి అని చెప్పేవాడు. పెళ్ళిలో కూడా చెప్పేవాడు. విన్నవాళ్ళు నా వైపు చూసి, పాపం, మీ నాయనకు ఇంకా ఆ బాధ పోలేదు అనేవాళ్ళు. నేను తల ఊపేవాణ్ణి. ఆయన పోయాక అంగడి ఖాళీ చేస్తుంటే బీరువా అడుగున ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. నిండా టార్చి బల్బులు, ఒక్కొక్కటీ ఆయనే ఏకిన దూదిలో పదిలంగా చుట్టి ఉన్నాయి. నేల మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ సెల్లుకు ఆనించి చూశాను. అన్నీ వెలిగాయి.

కోడలు తెచ్చిన డబ్బాకు చిన్న దీపం ఉంది; దారి బాగుంటే పచ్చగా, తెగితే ఎర్రగా వెలుగుతుందట. నిన్న పొద్దున వెళ్ళి, కసిరినందుకు ఏమీ అనుకోకమ్మా అంటే, తనే నవ్వి ఇదంతా చూపించింది. తెగిన సంగతి తెగినట్టు చెప్పే వస్తువులు వచ్చాయి, మంచిదే. మా తీగ తెగి ఉన్నా బల్బు ఆరే ఉంటుంది, ఆమె హాయిగా పడుకున్నా ఆరే ఉంటుంది. ఇన్ని రేడియోలు విప్పిన నాకు ఆ చిన్న లోపం అప్పుడు తట్టలేదు. అయినా తీగ మీద కోపం పెట్టుకోవడం నా దొంగతనమే. అమ్మ పోయాక పదకొండేళ్ళు నేనూ నాయనా అదే అంగట్లో, ఆ మూల ఆయనా ఈ మూల నేనూ, ఒకరి ముఖం ఒకరికి కనబడేట్టు కూర్చుని పనిచేసుకున్నాం. మిషను ఆపినప్పుడల్లా, ఇప్పుడు చెబుదామని నోటిదాకా వచ్చేది. ఆయన మళ్ళీ మిషను తిప్పేవాడు.