అంకె వేసిన ఎర్రచందనాలు

పోస్ట్‌డాక్ అంటే ఏమిటో మా అమ్మకు చెప్పడానికి నాకు పీహెచ్‌డీకన్నా ఎక్కువ శ్రమ పట్టింది.

“డాక్టరు చదువు అయిపాయ గదా నాయనా, ఇంగా ఏం చదువుతాండావు?”

“చదువు కాదమ్మా, ఉద్యోగమే.”

“పర్మనెంటా?”

“ఏడాదికోసారి పొడిగిస్తారు.”

ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. చీర అప్పజెప్పాక షావుకారు మళ్లీ నూలు ఇస్తాడో లేదో అన్న ఎదురుచూపు ఆమెకు తెలుసు. “ఓ, మన మాదిరే” అని ఊరుకుంది.

ఆ ఉద్యోగం సిద్ధవటం అవతలి కొండల్లో, ఎర్రచందనం చెట్ల మధ్య. వేసవిలో ఆకు రాల్చి మోడై నిలబడే ఆ చెట్టు, చినుకు పడకముందే చిగురు వేస్తుంది. నేలలో తడి లేదు, ఆకాశంలో మబ్బు లేదు. మరి చిగురుకు నీళ్లు ఎక్కడివి? మాను లోపల దాచుకున్నవా, వేళ్లు ఎక్కడో లోతున వెతికి తెచ్చినవా? అదీ నా ప్రశ్న. జవాబు కోసం ఎంచుకున్న ప్రతి మాను చుట్టూ స్ప్రింగుతో ఒక స్టీలు పట్టీ బిగించాను. మాను వెంట్రుకవాసి ఉబ్బినా, చిక్కినా దానికి తెలుస్తుంది.

మొదటి ఏడాది అడవిలోకి పోయే అనుమతి వచ్చేసరికి చెట్లు ఆకులు కూడా వేసేశాయి. రెండో ఏడాది చిగురు వేసే రోజుల కొలతలు చేతికొస్తేనే మూడో ఏడాది ఉద్యోగం. ఈ మాట మా ప్రొఫెసరు చాలా మర్యాదగా చెప్పారు. అంత మర్యాదగా చెప్పారు కాబట్టి నిజమేనని నమ్మాను.

ఏ చెట్టు ఏదో తెలియాలని తెల్ల రంగుతో అంకెలు వేశాను. దూరానికి కూడా కనపడాలని పెద్దవిగా వేశాను. నా చేతిరాత బాగుంటుంది.

నాతో కొండెక్కే అటవీశాఖ వాచరు పట్టీలను చూసి అడిగాడు. “ఏం సార్, మానుకు బెల్టు కట్టినావు? ప్యాంటు జారిపోతాదనా?”

“సన్నబడితే తెలియాలి కదన్నా.”

“నాకూ ఒకటి కట్టు సార్. ఎండాకాలమంతా నేనూ సన్నబడతానే ఉండా.”

ఎండలు ముదిరాయి. పట్టీలన్నీ మెల్లగా వదులయ్యాయి. చెట్లు చిక్కిపోతుంటే సంతోషించినవాణ్ణి ఆ కొండమీద నేనొక్కణ్ణే. ఒక ఉదయం కొమ్మల చివర పచ్చటి చుక్కలు కనపడ్డాయి. చిగురు. ఇక పది పదిహేను రోజులు పట్టీలు పనిచేస్తే చాలు. పట్టీల కొలతలు నమోదు చేసే పరికరానికి మారు బ్యాటరీలు ఛార్జి చేయించుకురావడానికి కడపకు దిగాను.

తిరిగి వెళ్లేసరికి వాచరు దారిలోనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

“కొట్టేసినారు సార్.”

“ఏవి?”

“నీవే.”

అడవి నిండా ఎర్రచందనం ఉంది. పక్కనే ఇంకా లావుపాటి మాన్లు ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. తెల్ల అంకె ఉన్నవాటినే వెతికి వెతికి కోశారు. పొదల చాటున ఉన్న ఒకటి రెండు మాత్రం మిగిలాయి.

“నావే ఏంటికన్నా?”

“చదువుకున్నోడు ఏరి ఏరి నంబరేసినాడంటే లోపల ఎర్రచేవ శానా ఉంటాదనుకొనుంటారు. నేనైనా అట్లే అనుకుంటా.”

నేను చెట్లను ఏరింది చీటీలు వేసి. దొంగలకు కావలసిన ఆ ఎర్రచేవ ఏ మానులో ఉందో నాకేం తెలుసు? కోసినవాటిలో రెండింట లేదు. కోసి చూసి అక్కడే పారేసి పోయారు. నా పరిశోధనను నమ్మి, ప్రాణాలకు తెగించి దాని మీద పనిచేసిన మొదటి మనుషులు వాళ్లే. వాళ్లకు కూడా అది పూర్తిగా పనికిరాలేదు.

పట్టీలు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి మొదళ్ల పక్కన పడి ఉన్నాయి. నరికి పక్కకు లాగేసిన కొమ్మల చివర చిగురు ఇంకా వాడలేదు. పట్టీలు ఏరి సంచిలో వేసుకున్నాను. చేయాల్సిన పని ఇంకేదీ గుర్తు రాలేదు.

ప్రొఫెసరుకు ఫోన్ చేశాను. అంతా విన్నారు.

“మిగిలినవాటితో ఏమైనా చెప్పగలమా?”

“చెప్పలేం సార్.”

“సరే. ఆరోగ్యం జాగ్రత్త.”

ఉద్యోగం లేదని చెప్పడానికి ఇంతకన్నా మెత్తని మాట నేను వినలేదు.

“ఉండేవన్నా దక్కాల కదా సార్,” అన్నాడు వాచరు, చేతిలోకి కత్తి తీసుకుంటూ. మిగిలిన చెట్ల మీద అంకెలు గీకేయడమే ఆ కొండమీద నా చివరి పని. బెరడుకు గాయం కాకుండా గీకాలి. రంగు మంచిది తెచ్చాను. డబ్బా మీద రాసిన హామీలన్నీ నిలబెట్టుకుంది.

ఆఖరి చెట్టు దగ్గర ఉండగా వాన పట్టుకుంది. ఆ ఏడాది మొదటి వాన. తడుస్తూనే గీకాం.

“ఇప్పుడు మాను ఉబ్బుతాంటాదా సార్?”

పట్టీ అప్పటికే విప్పి సంచిలో వేసుకున్నాను. మానును రెండు చేతులతో పట్టుకుని చూశాను. చేతులకు అంత సన్నటి సంగతులు తెలియవు.

“ఉబ్బుతానే ఉంటాదన్నా.”

అతను రెండడుగులు వెనక్కి వేసి, కళ్లు చికిలించి చూశాడు.

“అంకె ఇంగా మసగ్గా కనపడతాండాది సార్.”

మళ్లీ కత్తి అందుకున్నాను.