మొదటి పేరు ఆయనదే

నా మొదటి పరిశోధన పత్రం అచ్చయినప్పుడు అందులో నా పేరు లేదు. ప్రోగ్రాం రాసింది నేను, ఫలితాలు తీసింది నేను. పైన మాత్రం మా గైడ్ పేరు, పక్కన ఆయన స్నేహితుడి పేరు. అడిగితే, "నీకింకా బోలెడు వయసుంది కదమ్మా" అన్నారు. సొమ్మొకడిది, సోకొకడిది.

హఫీజ్‌పేటలోని మా ఇంటికొచ్చి ఏడ్చాను. "ఇగ ఏడ్సుడు బంద్ చెయ్యి బిడ్డా. ఆయనకెట్ల బుద్ధి చెప్తవో గది సోంచాయించు" అంది అమ్మ. చెప్పడం తేలిక. నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఆయనకు కోపమొస్తే నా చదువు అక్కడితో సరి.

అప్పుడు కంప్యూటర్‌లో ఒక ఉత్తుత్తి విశ్వవిద్యాలయం కట్టాను. అందులో ఆచార్యులు మూడు రకాలు. మొదటివాళ్లు నిదానంగా పని చేసి రాస్తారు. రెండోవాళ్లు ఒకే పనిని ముక్కలు చేసి నాలుగు పత్రాలు అచ్చేయిస్తారు. మూడోవాళ్లు పని చేయరు, చదవరు. పక్కవాళ్ల పత్రాల మీద తమ పేరు పెడతారు. పత్రాలు ఎక్కువున్నవాళ్లకు ఎక్కువమంది విద్యార్థులు, లేనివాళ్లకు ఉద్వాసన. మూడో రకానికి మా సార్ అలవాట్లన్నీ ఏరి ఏరి పెట్టాను. అంత సంతోషం నాకు ఆ తర్వాత నా పెళ్లిలో కూడా కలగలేదు.

ప్రోగ్రాం నడిపితే తెరంతా మూడో రకమే నిండింది. పని చేసేవాళ్లు ఒక్కొక్కరే మాయమయ్యారు. చివరికి పేరు పెట్టుకోవడానికి పత్రాలే లేక మూడో రకమూ పోయింది.

దాన్ని పత్రంగా రాసి, ఆయన పేరు ముందు, నా పేరు వెనక పెట్టి, కూకట్‌పల్లిలో ఆయన ఇంటికి తీసుకెళ్లాను. చదివితే నా పని అయిపోయినట్టే. ఆయన పై వరుస చూశారు. తన పేరుంది.

"బాగుందమ్మా. సదస్సులో నేనే చదువుతా, ప్రొజెక్టర్ షీట్లు తయారు చెయ్యి" అన్నారు.

సదస్సు హైటెక్ సిటీ కొత్త మేడలో. బయట ఇంకా బండలు పేలుస్తూనే ఉన్నారు. సార్ గంభీరంగా చదువుకుంటూ వెళ్లి, "పని చేయరు, చదవరు" దగ్గర ఆగారు. వెనక వరుసలో మా డిపార్ట్‌మెంటు వాళ్లు కిసుక్కుమన్నారు. ఆగితే పరువు పోతుంది, సాగితే ఇంకా పోతుంది. చెమటలు తుడుచుకుంటూ చివరిదాకా చదివారు.

"చిన్న సందేహమండీ" అంటూ ఒక పెద్దాయన లేచాడు. "ఇందులో తమరు ఏ రకం?"

హాలంతా గొల్లుమంది. సార్ నా వైపు చూశారు. నేను వినయంగా నమస్కారం పెట్టాను. జాలి వేయలేదు, ఇప్పటికీ వేయదు.

ఆ వారమే థీసిస్ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. నన్ను తిట్టాలంటే ఆ పత్రం ముందుగా చదవలేదని ఒప్పుకోవాలి. కూర్చోమన్నా కూర్చోకుండా ఎదురుగానే నిలబడ్డాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ నుంచి ఒక్క అక్షరం వదలకుండా చదివి, సంతకం పెట్టారు.