హనుమక్క పేరు మీద కూర్చున్న పూట

మొన్న బళ్లారి కౌల్ బజార్ పోస్టాఫీసులో పింఛను కాగితాలు రిజిస్టరు చేయడానికి నిలబడి ఉన్నాను. లోపల గుమాస్తా ఒక పార్సిలు మీద లక్క కరిగించి ముద్ర వేస్తున్నాడు. ఆ వాసన తగిలింది. వరుసలోంచి తప్పుకుని గోడవార బల్లమీద కూలబడ్డాను. అరవై ఏళ్ల కిందట ఇదే వాసనతో మా బడికి ఒక కాగితాల కట్ట వచ్చింది. మా తిప్పణ్ణ అయ్యవారు మా ఊరు విడిచి వెళ్లిపోవడానికి ఆ కట్టే కారణం. నేను ముప్ఫై ఏళ్లు టీచరుగా బతికానంటే ఆయన చలవే, అయినా ఆయన గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తే నా తప్పు కూడా రాయాలి కదా, అదీ అసలు సంగతి.

మాది మోక దగ్గర కాలువ కింది పల్లె. తుంగభద్ర నీళ్లు పారుతున్నాయని విని కృష్ణా జిల్లా నుంచి వచ్చి వరి పెట్టినవాళ్లలో మా నాన్న ఒకడు. బళ్లారి అప్పటికే మైసూరు రాష్ట్రంలో కలిసిపోయింది. మా బడిలో కన్నడం పిల్లలకు గదులున్నాయి, తరగతికొక మేష్ట్రు ఉన్నాడు. తెలుగు పిల్లలకు ఒక పొడవాటి రేకుల షెడ్డు, ఒకటి నుంచి ఏడు దాకా అన్ని తరగతులకూ కలిపి తిప్పణ్ణ అయ్యవారు. సన్నటి మనిషి, ముక్కుమీద కోపం. మూడో తరగతికి బోర్డుమీద రాస్తూ, ఐదో తరగతి ఎక్కాలు వింటూ, మధ్యలో నా పలక అందుకుని తప్పు దిద్దేవాడు. ఇంకొక అయ్యవారిని ఇమ్మని ఏటేటా అర్జీ పెట్టేవాడు. జవాబు వచ్చేది కాదు. ఒకసారి ఏదో పాఠం మళ్లీ చెప్పమని నేను పేచీ పెడితే, "నాకు ఏడు నోర్లు ల్యావమ్మీ, ఉండేదొకటే" అన్నాడు. ఆ రోజు ఆయన గొంతు బొంగురుపోయి ఉంది.

షెడ్డులో సగంమంది ఈ ఊరి కూలివాళ్ల పిల్లలు. నాట్లప్పుడు, కలుపులప్పుడు బడికి వచ్చేవాళ్లు కారు. వాళ్లు వెళ్లేది మాలాంటి వలస రైతుల మళ్లలోకే. పిల్లలు బడికి రారేమిటని ఇంట్లో మావాళ్లు వాళ్లను తిట్టేవాళ్లు, ఆ మళ్లలోనే వాళ్లకు పనీ చెప్పేవాళ్లు. అందులో తిరకాసు ఏమిటో నాకు చాలాకాలం తెలియలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక కబురు వచ్చింది. దేశం మొత్తంమీద కొన్ని బళ్లు ఎంచి, ఐదో తరగతి పిల్లలకు నిజంగా ఏమాత్రం చదువు వచ్చింది, పై తరగతికి పనికొస్తారా లేదా అని పరీక్ష పెట్టి చూస్తారట. అందులో మా బడి ఒకటి. ప్రశ్నల కట్టకు లక్కముద్ర ఉంటుంది, దాన్ని ఆఫీసరు పిల్లల ఎదుటే విప్పుతాడు. మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. కానీ ఇన్‌స్పెక్షను వచ్చినప్పుడల్లా ఆయన చేసే పని ఒకటుండేది. చదువు రాని పిల్లలను ఆ పూట ఇంటి దగ్గర ఉండమని, వాళ్ల జాగాలో పై తరగతి వాళ్లను కూర్చోబెట్టేవాడు. ఈసారి మా నాన్న దగ్గరికి వచ్చి, ఆ రోజుకు ఏడుగురు పిల్లలను కలుపుకు పిలిపించుకోమన్నాడు. నాన్నకు మనుషులు దొరకక చేను గడ్డి పట్టిపోతోంది, సరేనన్నాడు. హనుమక్క అనే పిల్ల బదులు నేను కూర్చోవాలి. దేశమంతా రాసే పరీక్ష నేను రాయబోతున్నానని నా కాళ్లు నేలమీద నిలవలేదు.

అయ్యవారు ఒప్పుకోలేదు. మా ఎదుటే మాట పెరిగింది.

"సార్, జ్వరం దాచిపెట్టి డాక్టరుకు చెయ్యి చూపిస్తే ఆయప్ప మందేమిస్తాడు? వీళ్లకు రాదని తెలిస్తేనే కదా ఇంకొక అయ్యవారిని పంపేది."

హెడ్మాస్టరు కోప్పడలేదు. "మేష్ట్రే, వస్తాండేది డాక్టరని నీకెవరు చెప్పినారు?" అని మాత్రం అని వెళ్లిపోయాడు.

పరీక్ష రోజు పొద్దున లక్కముద్ర విప్పడం కోసం ఆఫీసరు కొవ్వొత్తి వెలిగించి దాన్ని మెత్తబరిచాడు. షెడ్డంతా ఆ వాసనే. నేను మూడో బల్లమీద కూర్చుని గుండ్రటి అక్షరాలతో హనుమక్క అని రాశాను. ప్రశ్నలన్నీ ఒకసారి చదువుకున్నాను. అన్నీ వచ్చినవే. అయ్యవారు ఏరని ఆఫీసరు అడిగితే వస్తాడని హెడ్మాస్టరు సర్దిచెప్పాడు. మొదటి జవాబు రాస్తుండగా గుమ్మం దగ్గర నీడ పడింది. పంచె మోకాళ్లపైకి ఎగ్గట్టి, బురద కాళ్లతో అయ్యవారు. ఆయన వెనక ఏడుగురు పిల్లలు, అందరికంటే ముందు హనుమక్క. ఆయన ఆఫీసరు వైపు చూడలేదు. తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"లెయ్యమ్మీ. ఈ జాగా ఈ బిడ్డది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎలా లేచానో, బయటికి ఎలా వచ్చానో తెలియదు. కిటికీ దగ్గర నిలబడి మిగతాది విన్నాను. జరిగినదంతా ఆయన ఆఫీసరుకు పూస గుచ్చినట్టు చెప్పాడు. మా నాన్న పేరు కూడా దాచలేదు. "వీళ్లకు ఏమీ రాదు సార్. రానిది రానట్టే రాసుకోండి. నేనొక్కణ్ణే ఉండాను, ఇంకొకరిని పంపండి" అని చేతులు జోడించాడు. పిల్లలు ఏడుగురూ ఆ మాట వింటూ నిలబడి ఉన్నారు. ఆఫీసరు మర్యాదగా అంతా రాసుకుని, వాళ్లకూ కాగితాలు ఇచ్చాడు. ఆ పొద్దున పిల్లల కోసం మా మడి గట్టుమీదికి వచ్చినప్పుడు కూడా అయ్యవారు కేకలేయలేదట. నాన్నకు ఇలాగే చేతులు జోడించాడట. నాన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. తెలుగు సెక్షను పిల్లలు పై తరగతికి సిద్ధంగా లేరు, కాబట్టి ఆ సెక్షను మూసి పిల్లలను కన్నడం తరగతుల్లో కలపాలి, తిప్పణ్ణ అయ్యవారిని బండ్రి వైపు ఒక కొండపల్లెకు మార్చాలి. రెండో అయ్యవారు వస్తాడనుకుంటే ఉన్న అయ్యవారే పోయాడు. మావాళ్లకు చేతిలో డబ్బుంది, మమ్మల్ని బళ్లారి హాస్టళ్లలో చేర్చారు. కూలివాళ్ల పిల్లలు అర్థంకాని పాఠాల ముందు కొన్నాళ్లు కూర్చుని, ఒక్కొక్కరే మానేశారు. అందరికంటే ముందు మానేసింది హనుమక్క. ఊరంతా ఆయన్ని ఆడిపోసుకుంది.

ఆయన వెళ్లే రోజు మోక బస్సు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట. నన్ను చూసి పెట్టెమీద జరిగి చోటిచ్చాడు. హెడ్మాస్టరు చెప్పినట్టు చేసి ఉంటే హనుమక్క ఇంకా బళ్లోనే ఉండేదేమో అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"అయితే అబద్ధం చెప్పాల్సిందా అయ్యవారూ?"

పరుపుచుట్ట తాడు ఊడదీసి మళ్లీ బిగించాడు. "తెలీదమ్మీ" అన్నాడు. ఏడేళ్లలో ఆ మాట ఆయన నోట విన్నది అదొక్కసారే.

మరుసటి ఏడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, కూలివాళ్లకు మజ్జిగ తీసుకుని మడి దగ్గరికి వెళ్లాను. హనుమక్క కలుపు తీస్తోంది. నా మొహం చూడదేమో అనుకున్నాను. గట్టెక్కి వచ్చి, దోసిలి పట్టి మజ్జిగ తాగి, మూతి తుడుచుకుంది.

"అక్కా, ఆ పొద్దు కాగితంలో ఒక లెక్క వచ్చిండె. మడి ఇరవై గజాల పొడుగు, పదైదు గజాల అడ్డం. సుట్టూ గట్టు వేయాలంటే ఎన్ని గజాలని. దానికి ఎంత?"

"డెబ్బై" అన్నాను.

"నేనూ అదే రాసినా" అని మళ్లీ మడిలోకి దిగిపోయింది. ఆమె మొహంలో నాకు కోపం కనబడలేదు, సంతోషమూ కనబడలేదు. ఏడాదిపాటు ఆ ఒక్క లెక్క తప్పో ఒప్పో చెప్పేవాళ్లు లేక ఆగి ఉంది, అంతే.

నేను టీచరయ్యాక నా బళ్లో ఎన్ని పరీక్షలు వచ్చినా ఏ పిల్లనూ ఇంటి దగ్గర ఉండమనలేదు. మా బడికి మార్కులు తక్కువ వచ్చి పైవాళ్ల చేత మాటలు పడ్డాను, పడ్డానని బాధ లేదు. కానీ వీళ్లకు ఏమీ రాదు అని పిల్లల ఎదుట ఎన్నడూ అనలేదు. అంత నిజాయితీపరుడూ ఆ ఒక్కచోట పొరబడ్డాడు. ఆ సంగతి ఆయనకు తెలియాల్సింది, తెలిస్తే సంతోషించేవాడు కూడా. రాద్దాం రాద్దాం అనుకుంటూనే హాస్టలు చదువు గడిచిపోయింది. బండ్రి వైపే ఆయన పోయాడని కబురు వచ్చేసరికి నాకు ఉద్యోగం కూడా వచ్చింది. ఆ ఏడుగురిలో ఒక్కరికీ ఏమీ రాలేదనుకునే పోయాడు. ఒక్క కార్డు ముక్క చాలు. హనుమక్క డెబ్బై అని రాసింది అయ్యవారూ, అని ఒక్క వాక్యం. అది నేను రాయలేదు.