కటకాలకు కుంకుమబొట్టు

ఆ రోజుల్లో నాలాగా అక్షరం రానివాళ్లకు అసలు పేర్లతో పెద్దగా పనిపడేది కాదు, ఉన్నవాటికి మేమే పేర్లు పెట్టుకునేవాళ్లం. జనగామలో ఒక బడిలో ఆయాగా చేరిన కొత్తలో సైన్సు గది ఊడ్చి, బీరువాలోని సామాను తుడవడం నా పని. పిల్లలు వాటి ముందు ఎలా నిలబడతారో చూసి పేర్లు ఖాయం చేశాను. నడుము వంచి చూసేది ‘వంగుడు గొట్టం’, మెడ ఎత్తి ఆకాశంలోకి చూసేది ‘ఎత్తుడు గొట్టం’, గోడచాటు నుంచి అవతలివాళ్లను చూసేది ‘దొంగచూపు డబ్బా’. (దాని అసలు పేరు పరిదర్శిని అని ఇప్పుడు తెలుసు. అయినా నా పేరే బాగుందనిపిస్తుంది.) పిల్లలు ‘కటకాల మేడం’ అని పిలుచుకునే సైన్సు టీచరమ్మ సూక్ష్మదర్శిని, దూరదర్శిని, కుంభాకార కటకం అని మంత్రం చదివినట్టు చెబుతుంటే, చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయేదాన్ని. అన్నిటినీ అంత శ్రద్ధగా తుడిచేదాన్నే గాని, ఒక్కదాంట్లోకీ కన్ను పెట్టి చూడలేదు. వాటిలో ఉన్నది చదువుకున్న కళ్లకే కనబడుతుందని నా గట్టి నమ్మకం.

దసరా సెలవులకు బడి మూసే రోజు వచ్చింది. పాలకుర్తి దగ్గర మా ఇంట్లో పండక్కి నాగలి, కొడవలి, గడ్డపార అన్నీ కడిగి పసుపు కుంకుమలు పెడతాం. ఏ పనిముట్టుకైనా పని జరిగేచోటే బొట్టు పెట్టాలని మా అవ్వ నేర్పింది. కొడవలికైతే పిడి మీద కాదు, అంచు మీద. పాపం, ఏడాదంతా పిల్లలకు లోకాన్ని చూపించే ఈ గొట్టాలకు ఎవరు పెడతారు? వాటి పని జరిగేదంతా అద్దంలోనే కదా! అందుకని ప్రతి అద్దం మీదా తడి పసుపు రాసి, నడుమ నిండుగా కుంకుమ పెట్టి, బీరువాకు తాళం వేసి, తృప్తిగా బతుకమ్మ ఆడటానికి ఊరికి పోయాను.

సెలవులు ముగిసిన రోజే తనిఖీ. పొద్దున్నే బడి పెద్దసారు నన్ను పిలిచి, “సైన్సు రూము జూస్తరట. ఏమన్న తక్కువైతే నీ కొలువు పోతది, సమజైందా?” అన్నాడు. ఆ కొలువు పోతే మళ్లీ ఎండలో పత్తి ఏరడానికి పోవాల్సిందే. అయినా నాకేం భయం వేయలేదు. తక్కువేముంది, బొట్టుతో సహా అన్నీ ఉన్నాయి!

తనిఖీ సారు వంగుడు గొట్టంలోకి కన్ను పెట్టాడు. చాలాసేపు చూశాడు. “అంత ఎర్రగుంది గదా!” అని తల ఎత్తితే, ఆయన కంటి చుట్టూ గుండ్రంగా కుంకుమ. పెద్దసారు కంగారుగా, “నేను జూస్త సార్” అని తనూ కన్ను పెట్టి లేచాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి కన్ను ఒకరు చూసుకున్నారు. కిటికీ అవతల పిల్లలు కిసుక్కుమన్నారు.

“ఎవలు జేసిండ్రీ పని?” పెద్దసారు గద్దించాడు.

“నేనే సార్. దసరా గదా, పనిముట్లకు బొట్టు వెట్టిన.”

“గా అద్దాలు ఖరాబైతే ఎట్లనే? రేపటి సంది రాకు నువ్వు!”

తనిఖీ సారు రుమాలుతో కన్ను తుడుచుకుంటూ, “జర ఆగుండ్రి. మొన్న మా అమ్మ గూడ నా స్కూటర్ అద్దం నిండ పసుపు రుద్దింది, ఎనక బస్సే కనవడలే” అన్నాడు. తర్వాత టీచరమ్మ వైపు తిరిగి, “అద్దాలు మంచిగున్నయా?” అని అడిగాడు.

ఆమె మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుగుకు పట్టి చూసింది. “ఒక్క గీత వడలేదు సార్” అంది. ఆ గుడ్డకంటిన పసుపును రవ్వంత గాజుపలక మీద రాసి, నీటిచుక్క వేసి, గొట్టం కింద పెట్టింది. తనిఖీ సారు చూశాడు. పక్కకు జరిగి నన్ను పిలిచాడు.

“రా బిడ్డా, నువ్వు జూడు.”

“నాకు సదువు రాదు సార్.”

“దీనికి సదువుతోని పనిలేదు. ఒక కన్ను మూసి జూడు. ఏం గనవడుతుంది?”

“చీకటి సార్.”

“రెండు కండ్లు మూస్తే ఎట్లమ్మా!” అని టీచరమ్మ నవ్వి, తన అరచేతితో నా ఎడమ కన్ను మూసింది.

అప్పుడు కనిపించింది. లోపల దీపాలు పెట్టినట్టు వెలిగిపోతున్న బంగారు గుండ్లు, వాటి మధ్య నీళ్లలో మెల్లగా కదులుతున్న చిన్న చిన్న రవ్వలు. పుట్టినప్పటి నుంచి గడపకూ పాదాలకూ రాస్తున్న పసుపే అది. ఇంత లోకాన్ని దాచుకుని ఇన్నాళ్లూ నా వేలికొనన ఊరుకుంది. నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాను. గదిలో ఎవరూ నవ్వలేదు. పెద్దసారు నా వైపు తిరిగి, “రేపు జల్ది రా. బీరువ మొత్తం మళ్ల తుడువాలె” అన్నాడు.

యాభై దాటాక, మహబూబాబాద్‌లో (మాకది మానుకోటే) మా చిన్నకోడలి దగ్గర అక్షరాలు దిద్దాను. చాలా నెలలకు ఒకరోజు, “సూక్ష్మదర్శిని అని రాసియ్యే” అని అడిగాను. ‘క్ష’ కింద ‘మ’ను చూసి పెన్సిల్ పక్కన పెట్టేశాను గాని, మర్నాడు మళ్లీ పట్టుకున్నాను. ఇప్పుడు తప్పు లేకుండా రాస్తాను.

ఇప్పుడు నాకున్న పనిముట్టు కళ్లద్దాలే. దసరాకు వాటికీ బొట్టు పెడతాను, అద్దం మీద కాదు, కాడకు. పెడుతున్నప్పుడల్లా ఆనాటి ఆ ఆయా పిల్ల నా పక్కనే నిలబడి, పని జరిగేది అక్కడ కాదు కదా అని మూతి ముడుస్తున్నట్టే ఉంటుంది.